నాంచారమ్మ తీగ

అనగనగా, మీ తాతల తాతల రోజుల్లో, సముద్రం పక్కన ఒక అద్దకాల ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అనే ముసలావిడ. టేకు చెక్కల మీద పూలతీగ చెక్కేది. ఆ అచ్చును పటిక నీళ్ళలో ముంచి గుడ్డ మీద అద్దేది. పటిక అచ్చు కంటికి ఆనదు పిల్లలూ. ఎర్రరంగునిచ్చే చిరివేరు వేసి ఉడికిస్తేనే, పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది.

తన తీగ ఇంకొక చేతికి రావాలని ఆవిడ ఆశ.

మొదట ఒకడొచ్చాడు. "చెయ్యి వాచింది పిన్నీ" అని పోయాడు. తర్వాత ఇంకొకడొచ్చాడు. "మర అయితే చిటికెలో వేస్తుంది పిన్నీ" అని పోయాడు. మూడోది పక్కింటి తిరపతమ్మ. మూడు రోజులు అద్దింది.

"ఏదత్తా పువ్వు? గుడ్డకి స్నానం చేయిస్తున్నామా?"

"ఉడికితే తెలుస్తుందే."

"ఈలోపు మా ఇంట్లో అన్నం ఉడకాలి కదా" అని తిరపతమ్మా పోయింది.

ముసురు పట్టింది. నాంచారమ్మ ఓపికంతా కూడదీసుకుని ఒక గుడ్డ నిండా తీగ అద్ది, మంచాన పడింది. ఉడికిద్దామంటే కట్టెలన్నీ తడిసిపోయాయి. అటక మీద అచ్చులు మాత్రం పొడిగా ఉన్నాయి. వాటిని పొయ్యిలో పెట్టడానికి ఆవిడకి చేతులు రాలేదు.

గంజి తెచ్చిన తిరపతమ్మకి గుడ్డ చూపించింది. "ఒక్కసారి ఉడికించి చూడవే."

"తెల్లగుడ్డేగా అత్తా. ఎండ రానీ."

ఎండ రాలేదు. నాంచారమ్మ పోయింది.

పైన కప్పడానికి ఇంట్లో ఉన్నది ఆ గుడ్డొక్కటే. తెల్లగుడ్డతో కాక ఎర్రగానైనా పంపుదామని తిరపతమ్మ చిరివేరు వేసి కాగు పెట్టింది. కట్టె అంటుకోలేదు. ఆమె మొగుడు అటక మీంచి అచ్చులు దింపాడు. "ఆవిడ చెక్కలు ఆవిడకే."

అచ్చులు భగ్గున మండాయి. నీళ్ళు మరిగాయి. తిరపతమ్మ గుడ్డను కర్రతో ఎత్తింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రటి తీగ.

పొయ్యిలో చెయ్యి పెట్టింది. బూడిద.

"గుడ్డన్నా దాచుకోవే. చూసి చెక్కుకోవచ్చు" అన్నారెవరో.

"మరి అత్తకేం కప్పను? మీ ఇంట్లోంచి ఒకటి తెస్తారా?"

ఎవరూ తేలేదు. ఆ గుడ్డే కప్పి మట్టిలో పెట్టారు. చెక్కిన చెయ్యి పోయింది, చెక్క పోయింది, తీగ పోయింది.

తిరపతమ్మ బతికినన్నాళ్ళూ చెక్కుతూనే ఉంది. ఆ తీగ రాలేదు.

ఇప్పటికీ ఆ వైపు అచ్చుపని నేర్పేవాళ్ళు మొదటిరోజు పిల్లలచేత వట్టి పటిక నీళ్ళే అద్దిస్తారు. "ఏమీ పడలేదే" అంటారు పిల్లలు. పెద్దలు పొయ్యి ముట్టించబోతూ ఒక్కో కట్టెనూ తిరగేసి, చెక్కిన గీత ఉందేమోనని వేలితో తడుముతారు. ఇంతవరకూ ఎవరి వేలికీ తగల్లేదు.