మూడో బావి, చింతగింజల కుండ

అనగనగా, ఉప్పు ఎద్దుల వీపుల మీద కొండలెక్కే కాలంలో, గవ్వలకోట అని ఒక ఊరుండేది.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. ప్రతి ఇంటివాడూ వీధి గోడకి సున్నం కొట్టి, తనకి తెలిసిన సంగతి బొగ్గుతో దాని మీద రాసేవాడు. వైద్యుడు మందులు రాసేవాడు. వంటవాడు పచ్చళ్ళు రాసేవాడు. ఏమీ తెలియనివాడు పక్కింటి సంగతులు రాసేవాడు. వాడి గోడకే జనం ఎక్కువ.

కోట గుమ్మం మీద ఒక ముసలి గోరింక కూర్చునేది. ఊళ్ళోకి వచ్చినవాళ్ళు దాన్నే అడిగేవాళ్ళు.

"గోరింకమ్మా, పంటినొప్పికి మందు ఏ గోడ మీదుంది?"

"కంసాలి వీధి, మూడో ఇల్లు, పో" అనేది.

గోరింకకి చదువు రాదు. గోడల దగ్గర జనం పైకి చదివే మాటలు పిచ్చుకలు మోసుకొచ్చి చెప్తే వినేది. దానికి తోడు దానిదొక లెక్క. తను పంపిన మనిషి మళ్ళీ వచ్చి అదే మాట అడిగితే, ఆ గోడలో పసలేదు. మళ్ళీ రాకపోతే, ఆ గోడ మంచిది. లెక్క బాగానే ఉంది కదూ? గుర్తుపెట్టుకోండి పిల్లలూ, దీంతో పనుంది.

ఆ ఊళ్ళోనే మాలకొండయ్య ఉండేవాడు. ఇరవయ్యేళ్ళు ఉప్పెద్దులు తోలి, కాలు విరిగాక ఇంటిపట్టున కూర్చున్నాడు.

కొండమీదకి పోయే దారిలో నాలుగు బావులున్నాయి. ఎండలకి ఒకటి ఎండిపోతుంది. వానకి ఒకటి బురదెత్తుతుంది. ఒక్కోసారి ఏ జంతువో పడి చస్తుంది. ఏ బావి నీళ్ళు తాగాలో తెలియకపోతే ఆ దారిన పోయినవాడు ఇల్లు చేరడు.

అందుకని మాలకొండయ్య రోజూ పొద్దున్నే, కొండ దిగి వచ్చినవాళ్ళని అడిగి, గోడ తుడిచి, నాలుగు ముక్కలు రాసేవాడు. ఒకటో బావి బురద. రెండోది మంచిది. మూడోది మంచిది. నాలుగోది మంచిది. అంతే. చదువు రానివాళ్ళకి తనే చదివి చెప్పేవాడు.

రోజుకి పదిమంది వచ్చేవాళ్ళు. అందరూ ఎడ్లు తోలేవాళ్ళే. వినేవాళ్ళు, తలూపేవాళ్ళు, పోయేవాళ్ళు. బాగా రాశావయ్యా అని ఒక్కడు అన్న పాపాన పోలేదు.

ఎదురింటి వరదప్ప గోడ ముందు మాత్రం రోజూ తిరునాళ్ళే. రాణిగారు నిన్న ఏ చీర కట్టిందో ఆయన రాసేవాడు. అది చూసి మాలకొండయ్యకి కడుపు మండేది.

"చూడవే సుబ్బరత్తం. చీర సంగతికి అంత జనం. ప్రాణం నిలబెట్టే నీళ్ళ సంగతికి పదిమంది!"

భార్య సుబ్బరత్తం బియ్యంలో రాళ్ళేరుకుంటోంది. తలెత్తలేదు.

"కొండెక్కేది పదిమంది. పదిమందీ వస్తున్నారు. పదకొండోవాడు వచ్చి ఏం చేస్తాడు, నీ మొహం చూస్తాడా?"

ఆ మాట అప్పుడే వినుంటే ఈ కథ లేదు.

ఒకరోజు ఒక నక్క వచ్చింది. నుదుటిన ఇంత బొట్టు, మెడలో పూసల దండ.

"దొరా, నన్ను గోడల గురువంటారు. మీ గోడకి వెయ్యి కళ్ళు తెప్పిస్తాను. మూడు ఉపాయాలున్నాయి. ఉపాయానికో కోడి."

"చెప్పు" అన్నాడు మాలకొండయ్య.

"జనం గోరింకని ఏమేం అడుగుతారో అవన్నీ గోడ పైన పెద్ద అక్షరాలతో రాయండి."

"అవి నాకు తెలియవే?"

"తెలియాలని ఎవరన్నారు? రాయమన్నాను."

మాలకొండయ్య నిచ్చెన వేసుకుని రాశాడు. రాణిగారి చీర. బట్టతలకి మందు. ఈ ఏటి పెళ్ళిళ్ళు. పిచ్చుకలు ఆ మాటలు మోసుకుపోయాయి. గోరింక జనాన్ని పంపింది. సాయంత్రానికి యాభైమంది!

మాలకొండయ్య ఒక కుండ తెచ్చి గోడ పక్కన పెట్టుకున్నాడు. గోడ దగ్గరికి ఎవరొచ్చినా ఒక చింతగింజ అందులో వేసేవాడు. టక్. పొద్దుగూకితే కుండ బోర్లించి ఎంచుకునేవాడు. ఆ టక్ మనే చప్పుడు తప్ప ఇంకేదీ చెవికెక్కేది కాదు.

నక్క మొదటి కోడి తినేసి మళ్ళీ వచ్చింది.

"ఇప్పుడు మిగతా గోడలవాళ్ళతో మంచిగా ఉండండి. వాళ్ళ పేర్లు మీ గోడ మీద. మీ పేరు వాళ్ళ గోడల మీద."

ముప్పై పేర్లు రాశాడు. పైనంతా చీరలు, మందులు. నడుమంతా పేర్లు. నీళ్ళ సంగతికి చోటు లేక, ఆ నాలుగు ముక్కలు అడుగుకి దిగాయి. కోళ్ళు మట్టి గీకే చోటికి. కుండలో మాత్రం రోజుకి రెండొందల గింజలు పడుతున్నాయి. రెండో కోడి కూడా పోయింది.

మూడోసారి నక్క గోడంతా కలియజూసి అంది. "రోజూ తుడుస్తారెందుకు దొరా? చెరిపిన గోడకి విలువుండదు. పాత గోడంటే గోరింకకి నమ్మకం. ఇక ఒక్క అక్షరం ముట్టుకోకండి."

"మరి నీళ్ళో?"

"నీళ్ళెక్కడికి పోతాయి? బావిలోనే ఉంటాయిగా. మూడో కోడి బక్కగా ఉంది, బలిశాక వస్తాను" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కంబయ్య వచ్చాడు. కంబయ్య ముసలివాడు, ఇంకా ఎడ్లు తోలుతున్నాడు. ఇన్నేళ్ళూ బావుల సంగతులు సగం అతనే మోసుకొచ్చి చెప్పాడు. జనాన్ని తోసుకుని గోడ దగ్గరికి వచ్చేసరికి అతనికి ఆయాసం వచ్చింది.

"మాలకొండయ్యా, మూడో బావిలో అడవిపంది పడి చచ్చింది. పైకి తేటగానే ఉంది, అడుగునంతా కుళ్ళు. తొందరగా రాసెయ్."

"చూద్దాంలే పెద్దయ్యా. ఇప్పుడు గోడ ముట్టుకోకూడదు."

"ముట్టుకోకూడదా? గోడకి మైలొచ్చిందా ఏంది?"

జనం గొల్లున నవ్వారు. మాలకొండయ్య మొహం ఎర్రబడింది.

"రేపు రా, మాట్లాడదాం" అని కుండలో ఒక గింజ వేశాడు. టక్.

కంబయ్య కుండ వంక చూశాడు. "నాకూ ఒకటేశావా" అని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఓబులేసు వచ్చాడు. సుబ్బరత్తం తమ్ముడు. ఉప్పు మూటలేసుకుని ఆరుగురితో కొండెక్కబోతున్నాడు. చదువు రానివాడు.

"బావా, మూడో బావి ఎట్టుంది?"

"గోడ మీదుంది, చూసుకో."

"నాకు చదువొస్తే నిన్నెందుకు అడుగుతా బావా?"

"ఎవర్నన్నా అడుగు. నేను పనిలో ఉన్నా." టక్. టక్.

పక్కన ఒక ఎర్ర తలపాగా మనిషి ఉన్నాడు. ఏదో దూరదేశం వాడు, గోరింక చెప్తే వచ్చాడు. అతను వంగి, కాలితో కోళ్ళని తోలి, అడుగున ఉన్నది చదివి చెప్పాడు. "మూడో బావి మంచిది."

"నువ్వూ కొండకేనా అన్నా? రా, కలిసిపోదాం" అన్నాడు ఓబులేసు. అందరూ వెళ్ళారు.

ఐదు రోజులు గడిచాయి. గోరింక గుమ్మం దిగి ఎగరడం ఆ ఊళ్ళో ఎవరూ చూళ్ళేదు. అలాంటిది ఆరోరోజున తనే ఎగిరొచ్చి మాలకొండయ్య గోడ మీద వాలింది. వరదప్ప గోడ దగ్గర జనం కూడా ఇటు పరిగెత్తుకొచ్చారు.

"మాలకొండయ్యా, ఇన్నేళ్ళలో ఇంత మంచి గోడ నేను చూళ్ళేదు! బావుల సంగతి అడిగినవాళ్ళని పందొమ్మిది మందిని నీ దగ్గరికి పంపాను. ఒక్కడంటే ఒక్కడు మళ్ళీ వచ్చి అడగలేదు. ఇక నుంచి ఈ ఊళ్ళో మొదటి గోడ నీదే!"

జనం చప్పట్లు కొట్టారు. వరదప్ప పళ్ళు కొరుక్కున్నాడు. మాలకొండయ్యకి ఒళ్ళు పులకరించింది. గుప్పెడు గింజలు ఒక్కసారే కుండలో పోశాడు.

గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ సుబ్బరత్తం ఒక్క మాట అడిగింది.

"రాలేదంటే? మళ్ళీ అడగడానికి రాలేదనా, అసలు ఊళ్ళోకే రాలేదనా?"

గోరింక తల పక్కకి వంచింది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ ఆ మాట అడగలేదు.

"ఊళ్ళోకే... రాలేదు" అంది.

"మా ఓబులేసు?"

"పోవడం చూశాను. రావడం చూళ్ళేదు."

"నాలుగో రోజుకి ఖాళీ ఎడ్లతో దిగాల్సినవాడు!" చేట చేతిలోంచి జారింది. బియ్యమంతా వీధిలో పడింది.

చప్పట్లు ఆగిపోయాయి.

మాలకొండయ్య గోడ అడుగుకి చూశాడు. కోడి రెట్ట పక్కన తన అక్షరాలే. మూడో బావి మంచిది. పంది సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కంబయ్య రొప్పుతూ చెప్పిన ప్రతి మాటా గుర్తొచ్చింది. కుండ పక్కనే చతికిలబడ్డాడు.

"కూర్చుంటావేందయ్యా, లే!" అంది సుబ్బరత్తం.

కుంటికాలు మొగుణ్ణి ఎద్దెక్కించి, ముక్కుతాడు తను పట్టుకుంది. మర్నాడు మధ్యాన్నానికి మూడో బావి చేరారు.

బావి నోటి నిండా ముళ్ళకంప వేసి ఉంది. రెండెడ్లు కాళ్ళు చాపి చచ్చిపడున్నాయి. నీడన గోనెల మీద వరసగా మనుషులు పడి ఉన్నారు. కళ్ళు గుంటలు పడి, పెదాలు పగిలి, ఎవరు ఎవరో తెలియడం లేదు. చివర ఉన్నవాడు ఓబులేసు. "అక్కా" అని పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు.

కంబయ్య ఒక్కొక్కరి నోట్లో చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. రెండో బావి నుంచి మోసుకొచ్చిన నీళ్ళు. గోడ దగ్గర మాట చెల్లక, ఎడ్లకి మేతేసి, మర్నాడే వెనక్కి బయల్దేరాడు. తను చేరేసరికే వీళ్ళు తాగేశారు. ఆ తరవాత వచ్చినవాళ్ళని మాత్రం ఒక్కణ్ణీ తాగనివ్వలేదు. నాలుగో బావికి పంపేశాడు.

మాలకొండయ్య లెక్కపెట్టాడు. ఓబులేసుతో కలిపి ఏడుగురు. ఎనిమిదోవాడు లేడు.

చెట్టు అవతల కొత్త మట్టి కుప్ప ఉంది. దాని మీద గుచ్చిన కర్రకి ఎర్ర తలపాగా.

"అతని పేరేంది?" అన్నాడు మాలకొండయ్య.

"తెలీదు. చెప్పేలోపే పోయాడు. గోడ మీద చదివింది తనేనంట. చదివినవాణ్ణి నేనే గదా, ముందు నేను తాగుతా అని, అందరికంటే ముందు తనే తాగాడంట."

"ఒక్క కబురు పంపకపోయావా పెద్దయ్యా?" అంది సుబ్బరత్తం.

"పంపాను. కొండ దిగే గాజులవాడితో. గోడ దగ్గరే నిలబడి అరిచి చెప్తానన్నాడు. రాలేదా?"

వచ్చాడు. జనంలో రెండు చేతులూ పైకెత్తి ఏదో అరిచాడు. తనని మెచ్చుకుంటున్నాడనుకున్నాడు మాలకొండయ్య. కుండలో ఒక గింజ వేశాడు. టక్.

మాలకొండయ్య మట్టిలో కూలబడ్డాడు.

"నాకే రాయడం వస్తే నీ దగ్గరికెందుకొస్తాను" అన్నాడు కంబయ్య. చెంబు తీసుకుని మళ్ళీ ఓబులేసు దగ్గరికి పోయాడు.

ఏడుగురూ బతికారు. వాళ్ళని ఎడ్ల మీద ఇల్లు చేర్చిన రోజే మాలకొండయ్య గోడంతా సున్నం కొట్టాడు. చీరలు పోయాయి. మందులు పోయాయి. ముప్పై పేర్లూ పోయాయి. నాలుగు ముక్కలు రాశాడు, మనిషి కళ్ళకి తిన్నగా. మూడో బావి విషం అన్నది అన్నిటికంటే పెద్దగా రాశాడు.

"ఇంతేనా?" అంది జనం. పూట గడవకముందే అందరూ వరదప్ప గోడకి పోయారు.

ఆ సందట్లో నక్క వచ్చింది. "దొరా, మూడో కోడి బలిసినట్టుంది."

సుబ్బరత్తం రోకలి తీసుకుని వచ్చింది. "రా గురువా. కోడి తిందువుగాని. ముందు మూడో బావి నీళ్ళు ఒక చెంబు తాగు. ఎక్కడికి పోతాయన్నావుగా, బావిలోనే ఉన్నాయి."

నక్క మళ్ళీ ఆ ఊరి పొలిమేరల్లో కనపడలేదు.

మాలకొండయ్య చింతగింజలన్నీ పెంట మీద పోశాడు. ఒక్క గింజ మాత్రం తీసి గోడ గూట్లో పెట్టాడు. అది ఎర్ర తలపాగా మనిషిది. రోజూ బొగ్గు పట్టుకునే ముందు ఆ గింజ చూసేవాడు. ఆ తరవాతే రాసేవాడు.

గోరింక కూడా లెక్క మార్చుకుంది. ఊళ్ళోకి వచ్చేవాణ్ణి ఆపి, "నీళ్ళు తాగావా? బాగున్నావా?" అని అడిగేది. తను పంపినవాడు తిరిగి రాకపోతే సంబరపడ్డం మానేసింది. గుమ్మం మీద అటూ ఇటూ గెంతుతూ దారి వంక చూసేది.

గోడ ముందు మళ్ళీ ఆ పదిమందే. అయితే ఆ పదిమందీ కొండమీద ఊళ్ళలో చెప్పారు, గవ్వలకోటలో పొద్దున్నే తుడిచి రాసే గోడొకటుందని. మరుసటేటికి నలభైమంది అయ్యారు. ఆ పైయేటికి, ఆ దారిన కాలుపెట్టే ప్రతివాడూ ముందు ఆ గోడ చూసేవాడు. మాలకొండయ్య ఎంచలేదు. కంబయ్య వచ్చి నాలుగు బావుల సంగతీ చెప్పేదాకా గోడ ముందు ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు.

కాబట్టి పిల్లలూ, వెయ్యిమందిని పిలిచే ముందు, నీ మాట నమ్మి బయల్దేరిన ఒక్కడు ఇల్లు చేరాడో లేదో చూసుకోవాలి.