నూకరత్నం వాటా

అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకు వెళ్ళే వీధిలో వరహాలమ్మ అనే ఆవిడ ఉండేది. ఎవరైనా తడబడుతూ పని చేస్తుంటే చూస్తూ ఊరుకోలేక, వాళ్ళ చేతిలోంచి లాక్కుని తానే చేసేసేది.

ఇళ్ళల్లోకి కిరసనాయిలు స్టవ్వులు కొత్తగా వస్తున్న కాలం అది. తెల్లవారకముందే బెల్లం బళ్ళు ఆ వీధిలోంచి వరుసగా వెళ్ళేవి. ఎడ్ల మెడ గంటల చప్పుడుకే అందరూ నిద్రలేచేవారు. దండెం మీద ఆరేసిన బట్టలకు కూడా బెల్లం వాసన పట్టేది. వరహాలమ్మది రెండు వాటాల పెంకుటిల్లు. ఒకదాంట్లో తానుండి, రెండోది అద్దెకిచ్చేది. పెరట్లో నుయ్యి, దాని పక్కన గుబురుగా కరివేప చెట్టు. భర్త పోయాడు, పిల్లలు లేరు. వీధిలో ఎవరింట పురుడొచ్చినా, ఎవరికి జ్వరం తగిలినా ముందు వెళ్ళేది ఆవిడే. వెళ్ళిందంటే ఇక ఆ ఇంటివాళ్ళకు వాళ్ళ వంటింట్లోనే చోటుండేది కాదు. అయినా ఆవిడ మంచితనం తెలిసినవాళ్ళు కనుక ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఒక వేసవిలో దీనమ్మ అనే నర్సు వాటా కోసం వచ్చింది. పట్నంలో మనోవ్యాధులకు వైద్యం చేసే ఆసుపత్రిలో పనిచేసేది ఆమె. వాటా తనకు కాదని, నూకరత్నం అనే మనిషికని చెప్పింది. నూకరత్నం చిన్న వయసులోనే, లేని మాటలు చెవిలో వినిపించే జబ్బు వచ్చి చాలా ఏళ్ళు ఆ ఆసుపత్రిలోనే ఉండిపోయింది. ఇప్పుడు నయమైంది. మందు వేసుకుంటూ ఉంటే అందరిలాగే బతకగలదు. కాని అన్నదమ్ములు ఇంటికి రానివ్వలేదు. ఆమె విస్తళ్ళు బాగా కుడుతుందని, హోటలువాళ్ళు వాటిని తీసుకోవడానికి ఒప్పుకున్నారని దీనమ్మ చెప్పింది.

"ఆమెకు కావలసింది ఒక గది, పక్కన ఒక మనిషి. అంతేనమ్మగారూ" అంది.

ఇరుగుపొరుగువాళ్ళు భయపడ్డారు. పిచ్చాసుపత్రి నుంచి వచ్చిన మనిషిని వీధిలో ఎలా పెట్టుకుంటామన్నారు. వరహాలమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది. ఆ మనిషికి ఏ లోటూ రాకుండా తాను చూసుకుంటానంది.

నూకరత్నం ఒక రేకు పెట్టెతో దిగింది. సన్నటి మనిషి, తల వంచుకుని మాట్లాడేది. మొదటిరోజు స్టవ్వు ముందు కూర్చుని వత్తులు పైకి లాగడానికి అవస్థపడుతుంటే వరహాలమ్మ చూసింది. "లే రత్నం, చెయ్యి కాల్చుకుంటావు" అని తానే వెలిగించింది. మర్నాడు వంటే మానిపించి, తన వాటాలోంచి అన్నం తెచ్చిపెట్టింది. నూతిలో చేద వేస్తే రత్నం పడిపోతుందని నీళ్ళు తానే తోడింది. సంతకు తానే వెళ్ళింది. ఏ రోజు ఏ చీర కట్టుకోవాలో తానే తీసి ఇచ్చింది. బజారుకు వెళ్ళేటప్పుడు, రత్నం దారి తప్పిపోతుందేమోనని వీధి తలుపుకు బయట తాళం వేసుకుని వెళ్ళేది. కన్నకూతుర్ని కూడా ఇలా చూసుకోరని వీధిలోవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మాటకు వరహాలమ్మ కడుపు నిండిపోయేది.

వారాలు గడిచేకొద్దీ రత్నం మాట తగ్గిపోయింది. విస్తరాకులు మూల పడి ఎండిపోయాయి. గోడకు ఆనుకుని కూర్చునేది, పిలిస్తే లేచేది, పెడితే తినేది. చూడటానికి వచ్చిన దీనమ్మ ఆ ఎండాకుల్నీ, రత్నాన్నీ చూసింది. మనిషి ఇలాగే తగ్గిపోతుంటే వచ్చే నెల ఆసుపత్రికి తీసుకుపోక తప్పదని చెప్పి, దిగులుగా బస్సెక్కింది.

వరహాలమ్మకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. తిన్నగా రత్నం దగ్గరికి వెళ్ళింది.

"నీకు నేనేం తక్కువ చేశానే?" అని అడిగింది.

"ఏమీ తక్కువ చెయ్యలేదు పిన్నీ" అంది రత్నం. తరవాత నెమ్మదిగా చెప్పింది. "అక్కడా అంతే. వేళకి అన్నం పెట్టేవారు. చీర వాళ్ళే ఇచ్చేవారు. తలుపుకి బయటనుంచి తాళం వేసేవారు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే వరహాలమ్మకు మరీ గుచ్చుకుంది. ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం దాకా నూతి గట్టు మీద కూర్చుంది. తాను ఇచ్చింది ఇల్లు అనుకుంది. రత్నానికి మాత్రం అది మరో ఆసుపత్రి గదే అయింది.

మర్నాడు పొద్దున్నే వీధి తలుపు తాళంచెవి, అగ్గిపెట్టె తెచ్చి రత్నం చేతిలో పెట్టింది. "ఇది నీ వాటా. నీకిష్టమైనట్టు చేసుకో. అవసరమైతే నన్ను పిలువు" అంది.

ఇచ్చెయ్యడం తేలికే. ఇచ్చాక ఊరుకోవడమే ఆవిడకు గండమైపోయింది. రత్నం స్టవ్వు వెలిగిస్తే ఇల్లంతా మసి కమ్మింది. అన్నం అడుగంటి మాడింది. వరహాలమ్మ పరుగున గుమ్మం దాకా వెళ్ళి, గుమ్మం పట్టుకుని ఆగిపోయింది. చేతులు ఊరుకోక తన వాటాలోకి పోయి, శుభ్రంగా ఉన్న బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసి ఏరింది. గోడ అవతల రత్నం గిన్నె తోముకుంటూ ఏడవడం వినిపించింది. కాసేపటికి ఏడుపు ఆగి, మళ్ళీ ఎసరు పెట్టిన చప్పుడు వినిపించింది.

ఒకనాడు రత్నం ఒక్కతే సంతకు వెళ్ళింది. ఎండెక్కినా రాలేదు. వరహాలమ్మ వీధి మొగదాకా వెళ్ళడం, తిరిగి రావడం, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం, మళ్ళీ వెళ్ళడం. చివరికి రత్నం చెమటలు కక్కుతూ వచ్చింది. దారి తప్పి స్టేషను వైపు పోయిందట. బెల్లం బండి తోలేవాణ్ణి అడిగి వెనక్కి తిరిగిందట. సంచీలో వంకాయలు సగం పుచ్చులే. వరహాలమ్మ నోటిదాకా మాట వచ్చింది. అంతలో రత్నం ముఖం చూసింది. ఆ ముఖం మీద నవ్వు చూడటం అదే మొదలు. పుచ్చులు తీసేసి రత్నం వండిన కూరను ఇద్దరూ ఆ మధ్యాహ్నం పంచుకు తిన్నారు. ఉప్పు ఎక్కువైంది. అంత రుచైన కూర తానెప్పుడూ తినలేదని వరహాలమ్మ తరవాత ఏళ్ళ తరబడి చెప్పుకునేది.

నెల తిరిగి దీనమ్మ వచ్చేసరికి అరుగు మీద రత్నం కుట్టిన విస్తళ్ళ కట్టలు ఉన్నాయి. రత్నాన్ని తీసుకుపోయే మాట ఆమె ఎత్తనే లేదు.

అసలు పరీక్ష వానాకాలంలో వచ్చింది. ముసురు పట్టిన ఒక ఉదయం రత్నం వచ్చి వరహాలమ్మ గుమ్మంలో నిలబడింది. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"పిన్నీ, నాకు నిద్ర పట్టడం లేదు. చెవిలో మళ్ళీ మాటలు మొదలయ్యాయి" అంది. "దీనమ్మగారి దగ్గరికి వెళ్ళాలి. నాతో వస్తావా?"

వెనకటి వరహాలమ్మ అయితే రత్నాన్ని గదిలో పడుకోబెట్టి, తలుపేసి, తానే బస్సెక్కేది. ఇప్పుడు మాత్రం, "ఏ బస్సుకి వెళ్దాం?" అని అడిగింది. రత్నమే చెప్పింది. టిక్కెట్లు రత్నమే తీసుకుంది. దారి పొడవునా వరహాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరు మందు మార్చాడు. జబ్బు ముదరకముందే తనంతట తాను వచ్చి చెప్పుకోగలిగింది కనుక మళ్ళీ చేర్చుకోవలసిన పని లేదన్నాడు. కొన్ని రోజులు వరహాలమ్మ రత్నం గదిలోనే పడుకుంది. అదీ రత్నం అడిగితేనే. బాగానే ఉంది, ఇక నీ గదిలో పడుకో పిన్నీ అని రత్నం అన్ననాడు, చాప చుట్టుకుని వచ్చేసింది.

నూకరత్నం ఆ వాటాలో ఏళ్ళ తరబడి ఉంది. ఆ వీధి పెళ్ళిళ్ళన్నిటికీ ఆమె కుట్టిన విస్తళ్ళే వెళ్ళేవి. మొదట భయపడ్డవాళ్ళే, మా పెళ్ళికి నువ్వే కుట్టాలి అంటూ ఆమె అరుగు మీద వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు. ఆ వీధిలో ఎడ్లబళ్ళూ లేవు. కాని ఆ కాలం వాళ్ళెవరైనా కలిస్తే, అరుగు మీద ఒకావిడ ఆకులు కుడుతూ, ఒకావిడ ఏమీ చెయ్యకుండా పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ ఉండటం ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు.

నీతి: సాయం చేసేవాళ్ళు పక్కన నిలబడాలి, బతుకు మాత్రం బతికేవాళ్ళ చేతిలోనే ఉండనివ్వాలి.