పైడమ్మ తోమని చెంబు

ఊఁ కొడతారా? ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ మధ్యలోనే నిద్రపోతుంది. కొడతానంటేనే చెబుతాను, వినండి.

మన ముత్తాతలకి పాలపళ్ళైనా రాని రోజుల్లో, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక దొరవారి లోగిలి. ఆ లోగిట్లో అంట్లు తోమే మనిషి పైడమ్మ.

పైడమ్మకి మొగుడు లేడు. ఉన్నదల్లా ఒక్కగానొక్క కూతురు, నూకాలు. తల్లి తోముతుంటే ఆ పిల్ల పెరడంతా తిరిగేది. దాని చేతిలో ఎప్పుడు చూసినా బెల్లం ముక్కే. సగం నోట్లోకి, సగం చేతికి.

పైడమ్మ తోమిన బిందెలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చనేవారు. చింతపండు, బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు. అవే ఆవిడ ఆస్తి. ఎంత మసిబారిన గుండిగ తెచ్చి ముందు పడేసినా ఒకటే మాట అనేది.

"తోమితే పోని మకిలుందేటి?"

ఒక ఏడాది ఊళ్ళోకి మాయదారి జ్వరం వచ్చింది. పొద్దున్న పలికిన నూకాలు సాయంత్రానికి పలకలేదు.

మైల పోవాలి కదా. పైడమ్మ ఏడుస్తూనే ఇల్లంతా అలికింది. పిల్ల పడుకున్న చాప ఏట్లో వదిలింది. పిల్ల తాగిన చెంబు తళతళలాడేలా తోమి బోర్లించింది. ఆచారం ఏది చెయ్యమంటే అది చేసింది, పాపం.

ఆవిడ ఏడుపు చూడలేక దొరసాని అంది, "ఏడవకే పైడమ్మా. నీ కూతురు చుక్కల్లో కలిసింది."

మనమైతే ఆ మాటకి తలూపి ఊరుకుంటాం. పైడమ్మ ఊరుకోలేదు. "ఏ సుక్కలోనమ్మా?" అని అడిగింది. దొరసాని పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పైడమ్మ వెళ్ళి గుడి పూజారిని అడిగింది. "దేవుడికెరుక" అన్నాడాయన. ఊరి పెద్దని అడిగింది. "పిచ్చిదానా, పని చూసుకో" అన్నాడాయన. చివరికి తోటమాలి అప్పన్న తాతని అడిగింది. తాత పెరటి మూలకి చూశాడు.

"పెద్దదొర బతికున్నప్పుడు, అదిగో, ఆ గదిలోంచి సుక్కల్ని ఇంతింత సేసి సూసీవోరే."

దాన్ని చుక్కల గది అనేవారు. చచ్చిపోయిన పెద్దదొరకి చుక్కల పిచ్చి. గుండ్రంగా గది కట్టించి, తాడు లాగితే పైకప్పు పక్కకి జరిగేలా పెట్టించాడు. మధ్యలో మనిషంత ఇత్తడి దుర్భిణి. ఆయన పోయాక ఆ వైపు చూసిన నాథుడు లేడు. పావురాలు చేరాయి. పిడకలు చేరాయి. అప్పన్న తాత పారా గునపం చేరాయి.

పైడమ్మ దొరసాని కాళ్ళు పట్టుకుంది. "ఆ గది బాగుసేసుకుంతానమ్మా."

"ఆ చిలుము పట్టిన సామానుతో ఏం చేస్తావే?"

"తోమితే పోని మకిలుందేటమ్మా?"

రోజూ లోగిట్లో అంట్లు అయ్యాక, మిట్టమధ్యాహ్నం అక్కడికి వెళ్ళేది. ముందు పావురాల రెట్ట గోకి ఎత్తిపోసింది. తర్వాత కప్పు కింది చక్రాలకి ఆముదం పోసి, పోసి, తాడు లాగింది. కప్పు మూలుగుతూ జరిగింది. ముఖం మీద ఆకాశం పడింది. పైడమ్మ నవ్వింది. పిల్ల పోయాక నవ్వడం అదే మొదలు. అదే ఆఖరు కూడాను.

తర్వాత దుర్భిణి గొట్టం తోమింది. బంగారంలా బయటపడింది. ఇక మిగిలింది గొట్టం మూతి దగ్గర పళ్ళెమంత అద్దం. దాని మీద దుమ్ము. దుమ్ము కింద జిడ్డుగా, నల్లగా, ఎండిపోయిన ఐదు వేళ్ళ మరక.

"ఏ ముదనష్టపు పిల్ల సెయ్యో! ఆ సెయ్యి ఇరిగిపోను!" అంది పైడమ్మ.

తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోయేది. ఆవిడకి తుడవడం ఎవరు నేర్పారు? తెలిసిందల్లా తోమడమే. బూడిద వేసింది. ఇటుక పొడి వేసింది. పీచు పెట్టి, ఒంట్లో సత్తువంతా పెట్టి తోమింది. మరక పోయింది. అద్దం తెల్లగా వచ్చింది. తెల్లగా వచ్చిందంటే శుభ్రమైందని ఆవిడ లెక్క.

దీపాలు పెట్టే వేళ మొదటి చుక్క పొడిచింది. అప్పన్న తాత దుర్భిణిని అటు తిప్పిపెట్టాడు. పైడమ్మ కన్ను పెట్టి చూసింది. బియ్యం కడిగిన నీళ్ళలా తెలుపు. కన్ను నులుముకుని చూసింది. అదే తెలుపు. మూడోసారి చూసింది. చుక్కా లేదు, పిల్లా లేదు.

"నా పిల్లేది తాతా?"

తాత అద్దం తడిమి చూశాడు. వేళ్ళకి గీతలే తగిలాయి. "దీన్ని దేంతో తోమేవే?"

"ఇటుక పొడితో. ఎవత్తో సేతి ఏళ్ళు ఐదూ అంటించి పోయింది తాతా. ఒక పట్టాన ఒదల్లేదు."

ముసలాడు ఆ తర్వాతి మాట మింగేసి ఉండాల్సింది. నోరు ఆగలేదు.

"అది నీ నూకాలు సెయ్యే పైడీ. పార కోసం నానొత్తే నా ఎనకాలే వొచ్చింది. బుజమెక్కి, ‘సందమామని ముట్టుకుంతాను తాతా’ అని ఆ అద్దం మీద సెయ్యెట్టింది. బెల్లం సెయ్యి."

ఊఁ కొట్టండి.

పైడమ్మ ఇంటికి పరిగెత్తింది. దీపం పట్టుకుని గోడ చూసింది. తన చేత్తో అలికిన గోడ. గడప చూసింది. తన చేత్తో కడిగిన గడప. చెంబు చూసింది. తన ముఖమే కనబడింది. లోకంలో మిగిలిన పిల్ల గుర్తు అద్దం మీది ఆ మరక ఒక్కటే. దాన్ని తిట్టి మరీ తోమేసింది.

"సుక్కల్లో ఎతికేను తాతా," అంది మర్నాడు, "ఎదురుగా ఉంటే ఇరిగిపోమన్నాను." ఆ తర్వాత ఆవిడ మాట్లాడగా విన్నవాళ్ళు లేరు.

ఆ చేతులకి పట్టు పోయింది. గిన్నెలు మసితోనే లోపలికి వెళ్ళేవి. సాయంత్రం పైడమ్మ చుక్కల గదికి వెళ్ళి కూచునేది. పైకి చూసేది కాదు. అద్దం మీద అరచెయ్యి ఆనించి కూచునేది. వానలు పడేలోగా పోయింది.

మైల తీయడానికి నలుగురు ఆడవాళ్ళు వెళ్ళారు. పొరుగింటి అచ్చియ్యమ్మ పైడమ్మ తాగే చెంబు తీసి బూడిద అందుకుంది. చెంబు మీద పైడమ్మ వేళ్ళు మసి మసిగా కనబడ్డాయి. అచ్చియ్యమ్మ చెయ్యి కదల్లేదు. చెంబుని అలాగే అటక మీద పెట్టి వచ్చేసింది.

లోగిలి కూలిపోయింది. చుక్కల గది లేదు. దుర్భిణి ఏ కంచరి కొలిమిలో కరిగిందో తెలీదు. కానీ ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా పోతే ఇల్లంతా కడుగుతారు, అన్నీ తోముతారు, వాళ్ళు తాగిన చెంబు ఒక్కటి మాత్రం తోమరు. దానికి పైడమ్మ చెంబని పేరు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఎవరైనా అటక దులుపుతూ, ఇంత మకిలేమిటని దాన్ని కిందికి దింపితే, ముసలమ్మలు చెయ్యి పట్టుకుని ఆపుతారు.

"ఆగవే తల్లీ. ముందది ఎవరి సెయ్యో సూడు."