పోలయ్య సొంత మోత

అడవికీ సంతకీ మధ్య ఒక వాగు ఉండేది. అడవిలో దొరికే తేనె, ఉసిరికాయలు, ఇప్పపువ్వు సంతకు చేరాలంటే జగ్గన్న అనే నక్కను అడగాల్సిందే. బేరం నక్కది, మోత పోలయ్య అనే గాడిదది.

పోలయ్య వీపు మీద పుండు మానకముందే మళ్ళీ బస్తా పడేది. వేసిన గడ్డి కడుపులో ఓ మూలకు కూడా చాలేది కాదు. పైగా జగ్గన్నది రోజూ ఒకటే పాట.

"నీ కాళ్ళు చూస్తే జాలేస్తుందిరా. నేను కాబట్టి పనిచ్చాను. ఇంకెవరైనా దగ్గరికి రానిస్తారా?"

"నిజమేనయ్యా," అనేవాడు పోలయ్య. నిజమో కాదో ఆలోచించే ఓపిక కూడా ఉండేది కాదు మరి.

ఒకసారి గేదె ముత్యాలమ్మ అడిగింది. "మరిదీ, దారి తెలిసిందీ నీకే, మోసేదీ నువ్వే. ఆ పనేదో సొంతంగా పెట్టుకోరాదూ?"

"సొంతంగానా? ఒళ్ళు ఎక్కడ వాల్చాలా అని తప్ప నాకింకేమీ తోచదు వదినా."

ఆ ఏడు వానలు గట్టిగా పట్టాయి. వాగు పొంగింది, సంత ఆగిపోయింది. మోత లేని గాడిదకు మేత దండగ అనుకున్నాడు జగ్గన్న. "వానలు తగ్గేదాకా ఎక్కడైనా మేసుకో, కబురు చేస్తే రా," అని పంపేశాడు. అక్కడే పొరపాటు పడ్డాడు.

పోలయ్య ముత్యాలమ్మ ఉండే కొండవాలుకు చేరాడు. మొదట్లో ఊరికే నిద్రపోయాడు. ముత్యాలమ్మ పక్కన నిలబడి తోకతో ఈగలు తోలేది. లేతగడ్డి తిన్నాడు, పుండు మానింది. ఒక పొద్దున ఏ కారణమూ లేకుండా వాలంతా పరుగెత్తి వచ్చి, రొప్పుతూ నవ్వాడు.

"వదినా! ఎగువన రాళ్ళ రేవు ఉంది చూశావా? వాగు తగ్గాక అక్కడ మోకాలి లోతే. అటు వెళ్తే సరుకు తడవదు. నేనే మోత పెట్టుకుంటాను."

"ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎక్కడ దాచావయ్యా?"

"దాచలేదు వదినా, రాలేదు. కంటినిండా నిద్రపోయాక వచ్చింది."

"భయం లేదూ?"

"ఉంది. అయినా చెయ్యాలనే ఉంది."

ముత్యాలమ్మ అతని వైపు మురిపెంగా చూసింది.

వానలు వెలిశాయి. సంత రోజున రాళ్ళ రేవు దగ్గర పోలయ్య నిలబడ్డాడు. ఎలుగుబంటి భైరన్న తేనెకుండలు తెచ్చి అతని వీపుకెత్తబోతుంటే జగ్గన్న పరుగున వచ్చాడు.

"అయ్యో పోలయ్యా, ఎంత చిక్కిపోయావు! కాళ్ళు వణుకుతున్నాయే! భైరన్నా, వీడి మీద పెట్టావంటే నీ తేనె వాగుపాలే!"

భైరన్న కుండ వెనక్కి తీసుకున్నాడు.

పోలయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అవి వణకడం లేదు.

"నువ్వే ఎక్కి చూడు జగ్గన్నా," అన్నాడు నెమ్మదిగా. "నేను తూలితే, ఈ పూట నుంచే మళ్ళీ నీ బస్తాలు మోస్తాను."

జగ్గన్నకు లోలోపల పండగే. ఎగిరి ఎక్కాడు. నడివాగులో గోళ్ళతో గుచ్చాడు, అటూ ఇటూ గెంతాడు, "పడిపోతున్నావురోయ్!" అని చెవిలో అరిచాడు. పోలయ్య ఒక్కో రాయినీ చూసుకుంటూ, అడుగు తడబడకుండా అవతలి గట్టుకు చేర్చాడు. నక్క తోక కొసైనా తడవలేదు.

ఇవతల భైరన్న పెద్దగా నవ్వాడు. "జగ్గన్న అంత గెంతినా కింద పడలేదు. నా కుండలు గెంతవు కదా! వచ్చెయ్ పోలయ్యా!"

పోలయ్య వెనుదిరిగాడు. నీళ్ళలో దిగే ధైర్యం లేక అవతల చిక్కుకున్న జగ్గన్న గట్టంతా తిరిగి కేకేశాడు. "ఒరేయ్, నన్నూ తీసుకుపోరా!"

"తీసుకుపోతాను," అన్నాడు పోలయ్య. "ముందు వచ్చినవాళ్ళ సరుకు చేర్చనీ. మధ్యాహ్నం కాసేపు పడుకుంటాను. ఆ తర్వాత నీ వంతు."

నీతి: ఒంటికి విశ్రాంతి, మనసుకు నెమ్మది దొరికితేనే సొంత పని మొదలుపెట్టే ధైర్యం పుడుతుంది.