తిరిగిరాని బద్దలు

తల్లి దినాలు అయిపోయిన మర్నాడు సుంకన్న వచ్చి దస్తగిరి తాత ముందు కూర్చున్నాడు.

దర్గా పక్క సావిట్లో ఆ ముసలి ఫకీరు నలభై ఏళ్లుగా విరిగిన ఎముకలకు వెదురు బద్దలు పెట్టి కట్లు కడుతున్నాడు. సుంకన్న ఆయనకు పన్నెండేళ్లుగా శిష్యుడు. చెయ్యి తిరిగినవాడు. ఆ సంగతి అందరికంటే బాగా అతనికే తెలుసు.

అందుకే తల్లి గడప కాడ జారిపడి తుంటి విరిగినప్పుడు, తాత పెద్దాసుపత్రి మాట ఎత్తితే మొహం ముడుచుకున్నాడు. తానే కట్టాడు. ఆమె మంచం దిగలేదు. రెండు నెలలు వీపంతా పుళ్లు పడి, కొడుకును ఒక్క మాటా అనకుండా పోయింది.

"యాడ తప్పింది తాతా? చెట్ల మీంచి పడినోళ్ల తొడలు కట్టి నడిపించినా. మాయమ్మ గడప కాడ పడింది, అంతే గదా."

తాత లేచి వెనక గది తలుపు తీశాడు. ఎముక అతికినవాళ్లు తమ బద్దలు తెచ్చి దర్గాలో ఒప్పజెప్పడం అక్కడి ఆనవాయితీ. నలభై ఏళ్ల బద్దలు ఆ గదిలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"పైనుంచి తియ్యి" అన్నాడు.

పైన ఈ మధ్యవి, అన్నీ సన్నటి పొట్టి బద్దలు. చెయ్యి ఆనించి పడిన ముసలమ్మల మణికట్టువి. వాటి కింద మోటారు సైకిళ్ల మీంచి పడినవాళ్ల కాళ్లవి. అట్టడుగున తొడ పొడుగు లావు బద్దలు. కల్లుగీతగాళ్లవి, బావులు తవ్వినవాళ్లవి. అంతా పడుచువాళ్లే.

సుంకన్న మళ్లీ పైకుప్ప దగ్గరికి వచ్చి ఒక్కొక్కటే వెతికాడు.

"తుంటి విరిగిన ముసలోళ్లు ఈ మధ్య ఎంతమంది వచ్చి కట్టించుకోని పోయినారు తాతా. వాళ్ల బద్దలేవి?"

"తిరిగి రాలేదు" అన్నాడు తాత. "మొదట్లో నేనూ కట్టినా, చానామందికి. ఒక్కరూ మంచం దిగలేదు."

సుంకన్న ఆ కుప్పలోనే కూలబడి ఏడ్చాడు. తాత ఓదార్చలేదు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

మధ్యాహ్నం సావిడి ముందు ఆటో ఆగింది. లోపల ఒక ముసలమ్మ, కాలు పక్కకు తిరిగిపోయి మూలుగుతోంది. "కట్టు కట్టాలన్నా" అన్నాడు ఆమె కొడుకు.

సుంకన్న బద్దలు ముట్టుకోలేదు. ఆటో ఎక్కి, ఆమె కాలు కదలకుండా రెండు చేతులతో తన ఒళ్లో పట్టుకున్నాడు.

"పెద్దాసుపత్రికి పోనీ. గుంతలొచ్చిన కాడ నిదానం."