మామిడివలసలో దిగినవాళ్లు

లోకనాథం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. ముందు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకునేవారు. తరవాత "పదమ్మా, అలా వెళ్లొద్దాం" అనేవారు. వెళ్లిన చోట ఏం జరిగితే అదే జవాబనుకోవాలి. ఏమీ జరగకపోతే ఆ రోజుకి అంతేనని సరిపెట్టుకోవాలి. హైస్కూల్లో ఆయన దగ్గర చదువుకున్న సువర్చలకి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసినా, ఆ కార్తీకమాసపు ఆదివారం పొద్దున్న ఆవిడకి అంత ఓపిక లేకపోయింది.

"చదువు నేర్పేకొద్దీ వీళ్లు నామీద మరింతగా ఎందుకు ఆధారపడుతున్నారు మాస్టారూ?" అని గుమ్మంలోంచే అడిగేసింది. "ఈసారి మాత్రం సూటిగా చెప్పండి. లేదంటే నెలాఖరుకి బడి మూసేస్తాను."

సువర్చల తపాలా ఆఫీసులో ఉద్యోగం చేసేది. పుస్తకాలంటే ప్రాణం, వంటంటే సరదా, రెండ్రోజులు సెలవు కలిసొస్తే చాలు సంచీ సర్దుకుని ఏదో ఒక కొత్త ఊరు చూసి వచ్చేది. ఆ ఊళ్లో జీడిపప్పు ఫ్యాక్టరీలు ఎక్కువ. వాటిలో పప్పు ఒలిచే ఆడవాళ్లకి సాయంత్రాలు నాలుగక్షరాలు నేర్పమని మాస్టారే ఆవిడకి అప్పగించారు. జీతం లేని ఆ పనిని సువర్చల మహా ఉత్సాహంగా తలకెత్తుకుంది. వాళ్లూ క్రమం తప్పకుండా వచ్చేవారు, బుద్ధిగా దిద్దేవారు. తీరా ఇంట్లో ఏ కాగితం ముక్క కనబడినా మాత్రం దాన్ని పట్టుకుని సువర్చల ఇంటికి వచ్చేసేవారు. శుభలేఖ వస్తే ఆవిడే చదవాలి. బస్సెక్కాలంటే ఆవిడే వచ్చి బోర్డు చూసి ఎక్కించాలి. ఆవిడ చేతిలోని పుస్తకం ఏ పేజీ దగ్గర బోర్లా పడిందో ఆ పేజీ దగ్గరే వారాల తరబడి ఉండిపోయేది.

మొన్నటికి మొన్న, కారం కూరిన గుత్తివంకాయలు సన్నసెగ మీద మగ్గుతుంటే తవిటమ్మ వచ్చింది. మనవరాలి స్కూలువాళ్లు ఇచ్చిన చీటీ చేతిలో పెట్టి, "ఏటి రాసుందో సూడమ్మా" అంది. అందులో ఉన్నది రెండే మాటలు: రేపు సెలవు. అన్నీ నేర్పిన అక్షరాలే! ఆ మాటే అడిగితే తవిటమ్మ నవ్వింది. "నువ్వు సదివితే నమ్మకమమ్మా" అంది. ఈలోగా కూర మాడింది.

"వంకాయలు పోతే పోయాయి, ఇన్నాళ్ల నా శ్రమ ఏమైనట్టు?" అంది సువర్చల. "బళ్లో 'ప' అని ఆగిపోతే 'పలక' అని నేనే అందించాలి. 'క' అని చూస్తూ కూచుంటే 'కలప' అని నేనే అనాలి. పగలంతా గింజలు ఒలిచి వచ్చిన మనుషుల్ని ఎంతసేపని తంటాలు పడనిస్తాను? అందించీ అందించీ నా గొంతు పోతోంది గాని వాళ్లకి చదువు రావడం లేదు."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.

"వచ్చే ఆదివారం వాళ్లని వనభోజనాలకి తీసుకెళ్తున్నావట కదా. నేనూ వస్తానమ్మా."

"నేనడిగిందేమిటి, మీరంటున్నదేమిటి?"

"పులిహోర చేస్తావా?" అన్నారాయన.

ఆదివారం ప్యాసింజరు రైల్లో బయలుదేరారు. వెళ్లాల్సింది మామిడిపాలెం. అక్కడ సముద్రం ఒడ్డునే మంచి జీడితోట ఉందని సువర్చల ఎక్కడో చదివింది. తెల్లారకముందే లేచి పులిహోర కలిపింది, గారెలకి పప్పు రుబ్బింది, మూకుడూ గరిటెలూ గోనెసంచిలో కట్టింది. రైలు కదిలింది మొదలు ప్రతి స్టేషను పేరూ ముందే చెప్పి, ఆ ఊరి విశేషాలు కూడా వివరిస్తూ వచ్చింది. ఆడవాళ్లు కిటికీలోంచి బయటికి చూడటం మానేసి ఆవిడ మొహమే చూస్తూ కూచున్నారు.

దారిలో ఒక స్టేషన్లో మాస్టారు, "గొంతు ఎండిపోతోందమ్మా, కాస్త టీ దొరుకుతుందేమో చూస్తావా? బండి ఇక్కడ చాలాసేపు ఆగుతుంది" అన్నారు. సువర్చల చిల్లరపర్సు ఒక్కటీ పట్టుకుని దిగింది. టీ కొట్టు ప్లాట్‌ఫారం ఆ చివరెక్కడో ఉంది. ఆవిడ గ్లాసు అందుకుంటుండగానే రైలు కదిలింది. ఒలికిన టీ చేతి మీద చురుక్కుమంటున్నా పరిగెత్తింది. కిటికీలోంచి మాస్టారు చెయ్యి ఊపారు. అది ఆగమనో, వెళ్లొస్తామనో ఆవిడకి అర్థం కాలేదు. రైలు వెళ్లిపోయింది. ఆవిడ ఫోను, సంచీతో సహా, రైల్లో, బడికొచ్చేవాళ్లలో ఒకరైన దాలమ్మ కాళ్ల దగ్గర ఉండిపోయింది.

ఆటో మాట్లాడుకుని రోడ్డు మీద పడింది. దారంతా మాస్టారిని తిట్టుకుంటూనే ఉంది. అంతలోనే తనకి తనే ధైర్యం చెప్పుకుంది: ఆయన ఉన్నారు కదా, దింపేస్తారు. మామిడిపాలెం చేరేసరికి స్టేషను ఖాళీగా ఉంది. అక్కడున్న రైల్వే ఉద్యోగి తల అడ్డంగా ఊపాడు. "ప్యాసింజరు వెళ్లిపోయి చాలాసేపయిందండీ. ఆడవాళ్లెవరూ దిగలేదు."

తోడు లేకుండా పక్క ఊరికి కూడా వెళ్లనివాళ్లు ఏ విశాఖపట్నంలోనో తేలి, ఆ జనంలో ఎటుపోవాలో తెలియక నిలబడి ఉంటారని సువర్చల హడలిపోయింది. ఆటో అతని ఫోను అడిగి తీసుకుంది. తనకి నోటికొచ్చిన నంబరు తన సొంతదొక్కటే. దానికే చేసింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"ఎవులది?" దాలమ్మ గొంతు.

"నేనే దాలమ్మా! ఎక్కడున్నారు మీరంతా?"

"ఉండమ్మా. సదివి సెప్తాను."

అటువైపు అడుగుల చప్పుడు. గుసగుసలు. ఆ తరవాత ఎవరో కూడబలుక్కోవడం మొదలుపెట్టారు. "మా... మి... డి..." ఆగిపోయారు. సువర్చలకి మాట నోటిదాకా వచ్చింది, కానీ ఏమని అందిస్తుంది? ఆ బోర్డు తన కళ్లెదుట లేదు. ఫోను చెవికి నొక్కిపట్టి నిలబడింది. "పా కాదే, సరిగ్గా సూడు" అంది ఒక గొంతు. "మరి 'ప'యేటి?" అంది ఇంకో గొంతు. "కాదు, పొట్టలో సున్న లాగుంది సూడు, 'వ' అది" అన్నారు ఎవరో. మళ్లీ అందరూ కలిసి, "వ... ల... స" అన్నారు.

"మామిడివలసలో ఉన్నామమ్మా" అంది దాలమ్మ, ఊపిరి పీల్చుకుని.

అది ఒక స్టేషను ముందు. ఆటో వెనక్కి తిరిగింది.

మామిడివలసలో సముద్రమూ లేదు, తోటా లేదు. గూడ్సు షెడ్డు పక్కన బొగ్గు మసి పట్టిన వేపచెట్టు కింద ఇటుకల పొయ్యి మండుతోంది, మూకుట్లో గారెలు వేగుతున్నాయి. సువర్చల ఆటో దిగుతూనే అరిచింది. "ఇక్కడెందుకు దిగారు? ఎవరు దిగమన్నారు మిమ్మల్ని?"

"నానేనమ్మా" అంది తవిటమ్మ. మొహంలో ఎక్కడా బెదురు లేదు. "నువ్వు నేవు. బోరుడు నానే సదివినాను. మామిడి అని ఉంది. దిగిపోనాం."

"దాని తరవాత ఇంకా అక్షరాలున్నాయి కదా!"

"అవి కూడా సదువుతా కూకుంటే రైలెలిపోదేటి?"

"దీని తొందరకి మాకు సముద్రం దక్కలేదు" అని దాలమ్మ గరిటెతో తవిటమ్మని చూపించింది. "డి తర్వాత ఏటుందో సూడే అంటే ఇంటేనా!" తవిటమ్మ ఊరుకోలేదు. వాళ్లిద్దరూ అక్షరాల గురించి వాదించుకోవడం సువర్చల ఎన్నడూ ఎరగదు. కానీ ఆ పూట ఆవిడకి దేన్నీ మెచ్చుకునే తీరిక లేదు. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన సామాన్ల మూట మీద కూచుని పులిహోర తింటున్నారు.

"మీరు కళ్లతో చూస్తూ వీళ్లని ఇక్కడ దిగనిచ్చారా? నా పైప్రాణాలు పైనే పోయాయి మాస్టారూ. ఒక్క మాట చెబితే ఏం పోయింది?"

"నన్నెవరూ అడగలేదమ్మా" అన్నారాయన. "వాళ్లే చూసుకున్నారు."

ఎవరో ఆవిడకి ఆకులో గారెలు పెట్టిచ్చారు. ఉప్పు ఎక్కువైంది. అయినా తినేసింది.

సాయంత్రం తిరుగు రైల్లో తవిటమ్మ పట్టుబట్టి కిటికీ పక్కన కూచుంది. స్టేషను రావడం ఆలస్యం, తల బయటికి పెట్టి పేరు చదవడం మొదలుపెట్టేది. పొల్లులు ఎగిరిపోతున్నాయి, దీర్ఘాలు కుంచించుకుపోతున్నాయి, ఒత్తులైతే ఆవిడ లెక్కలోకే రావడం లేదు. టిక్కెట్లు చూడటానికి వచ్చినాయన కూడా నవ్వుకుంటూ పోయాడు. సువర్చల ఒక్కటీ అందించకుండా పెదవులు బిగించి, కొంగు వేలికి చుట్టుకుంటూ కూచుంది. రేపు బడికి ఎప్పుడు రమ్మంటావని దాలమ్మ అడిగితే, "రోజూ వచ్చే వేళకే, ఇదేం ప్రశ్న?" అని కసిరింది.

మరో స్టేషను వచ్చింది. మూడక్షరాల పేరుని తవిటమ్మ రైలు ఆగింది మొదలు కదిలేదాకా చదివింది. చివరికి అది వేరే ఊరు పేరు అయికూచుంది. సువర్చల ఇక ఉండబట్టలేక మాస్టారి వైపు తిరిగింది.

"ఎన్ని తప్పులు చదువుతోందో విన్నారా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"విన్నానమ్మా" అన్నారు. "ఇవాళ నువ్వూ విన్నావు."