‘ఖే’ ఎవరి మాట?

అనగనగా మద్దిచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. అక్కడ మూడు జాతులకు ఒకే చిన్న మాట ఉండేది. ఆ మాట ‘ఖే’. కొండముచ్చుల భాషలో దానికి ‘పైకెక్కు’ అని అర్థం. నెమళ్ల భాషలో ‘ఎగిరిపో’ అని అర్థం. దుప్పుల భాషలో ‘పరుగెత్తు’ అని అర్థం. పులి కనబడితే చాలు, ముందుగా చూసినవారు ఆ మాట అరిచేవారు. విన్నవారు ఎవరి అర్థం ప్రకారం వారు తప్పించుకొనేవారు. కొండముచ్చులు కొమ్మల మీది నుంచి చిగుళ్లు రాల్చేవి. దుప్పులు కింద నిలిచి వాటిని మేసేవి. అది తాతముత్తాతల నాటి పొత్తు.

ఆ దుప్పుల మందలో శబ్దశేఖరుడనే పండితుడు ఉండేవాడు. అతని కొమ్ములు పొడవు. మాటలు అంతకన్నా పొడవు. గడ్డిపరకకు కూడా వ్యుత్పత్తి చెప్పనిదే మింగేవాడు కాడు.

ఒకనాడు అతడు మందను మడుగు దగ్గర నిలబెట్టాడు.

“ఎక్కడ పుట్టిందో తెలియని మాటకు పరుగెత్తడం మన వంశానికి తలవంపు. ‘ఖే’ పుట్టుక నేను తేలుస్తాను. అంతవరకు ఎవరూ కదలరాదు!” అన్నాడు.

పిశంగి అనే తల్లిదుప్పి తన పిల్లను దగ్గరకు తీసుకొని, “బావగారూ, పులి కూడా అంతవరకు ఆగుతుందా?” అని అడిగింది.

“శాస్త్రం జరిగేచోట పిరికి మాటలెందుకు, మరదలా?” అని అతడు ముఖం చిట్లించాడు. మంద తల ఊపింది. కొమ్ముల పొడవు చూసి తల ఊపడం ఆ మందకు అలవాటు.

శబ్దశేఖరుడు మొదట నెమలిని పిలిచాడు. “ఈ మాట మీకెవరిచ్చారు?”

“మా అమ్మ.”

“ఆమెకు?”

“వాళ్లమ్మ.”

“ఛీ! ఇదా ప్రమాణం?”

తరువాత ఏదుపందిని పిలిచాడు. “మాకు ఆ మాటే లేదయ్యా. ఆపద వస్తే ముళ్లు విప్పుతాం, అంతే” అంది ఏదుపంది.

“మాట కూడా లేని జాతి! పో అవతలికి.”

చివరకు చెట్టు మీది కొండముచ్చును నిలదీశాడు. “మామా, మీ తాతలు ఈ మాటను మా తాతల దగ్గర దొంగిలించారా, లేదా?”

“నీదే అనుకో అల్లుడూ, తీసుకో. నన్ను కాపలా కాయనీ.”

“ఊరకే ఇస్తే తీసుకోవడానికి నేను యాచకుడినా?”

అంతలో కొండముచ్చు చూపు గడ్డివైపు మళ్లింది. “ఖే! ఖే!” అని అది గొంతు చించుకొని అరిచింది.

పిశంగి పిల్లను తలతో నెట్టుకుంటూ పరుగుతీసింది. ఆమె వెనుకే, శాస్త్రం సంగతి మరచి, మందంతా పరుగుతీసింది.

శబ్దశేఖరుడు కదలలేదు. మెడ పైకెత్తి, “ఆగు మామా! ఇప్పుడు పలికింది మీ అర్థంలోనా, మా అర్థంలోనా?” అని అడిగాడు.

కొండముచ్చు నోరు తెరిచేలోగా గడ్డి చీలింది. పులి పంజా అతని మెడ మీద పడింది.

“పండితా, మేమూ ఆ మాట ఎరుగుదుము. మా ఇంట దానికి ‘ఈ పూట పస్తు’ అని అర్థం. ఇన్నాళ్లకు ఆ అర్థం మార్చిన మహానుభావుడివి నీవే” అంది పులి.

“అది ఏ ధాతువు నుంచి...” అని శబ్దశేఖరుడు మొదలుపెట్టాడు.

పులి పూర్తి కానివ్వలేదు.

నీతి: ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్ల కులగోత్రాలు అడిగేవాడు పండితుడు కాడు, మూర్ఖుడు.